మా అన్న మగ్గం, న్యూట్రాన్ల పెట్టె

మొన్న మంగళవారం మా వదిన గద్వాల ఇంట్లో మగ్గం విప్పించింది. అన్న పోయిన ఈ రెండేళ్లలో దాని మీద ఎవరూ కూర్చోలేదు, నేతగాడు కాళ్లు పెట్టుకునే గుంట పూడ్చి బండలు పరిస్తే కోడలి కుట్టుమిషనుకు చోటవుతుందని ఆమె అనుకోవడంలో తప్పేమీ లేదు. అంచులో పూలు తేల్చే జకార్డు దారాలను బిగువుగా ఉంచేందుకు వాటి కింద వేలాడే సన్నటి ఇనుప పుల్లలను పాతసామాన్లవాడు దోసిళ్లతో ఎత్తి సంచిలో పోస్తుంటే, ఆ గలగల వినలేక నేను లేచి వాకిట్లోకి పోయాను. రిటైరై వచ్చి పేపరు చదువుకునే ఈ పెద్దమనిషికి ఇనుప పుల్లలతో పేచీ ఏమిటని మీకనిపించవచ్చు. నా ఈడు వాళ్లకు కాక ఇది ఇంకెవరికి చెప్పుకోను?

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ఒక పరిశోధన రియాక్టరులో పరికరాలు చేసే విభాగంలో వేశారు. రియాక్టరు గోడకున్న రంధ్రంలోంచి న్యూట్రాన్లు దూసుకొచ్చి, ఎదురుగా పెట్టిన లోహపు ముక్కకు తగిలి చెదిరిపోతాయి. ఏ వైపు ఎన్ని చెదిరాయో లెక్క తెలిస్తే ఆ లోహం లోపల పరమాణువులు ఎలా పేర్చి ఉన్నాయో చెప్పవచ్చు. వాటిని లెక్కపెట్టే పెట్టెను బయటి దేశం నుంచి తెప్పించే దారి లేక మేమే చేసుకోవలసి వచ్చింది. దాని లోపలి చట్రానికి వెంట్రుక కన్నా సన్నటి తీగలను వరుసగా, అన్నిటినీ ఒకే బిగువులో కట్టాలి, ఒక్కటి సడలినా కరెంటు పెట్టగానే రవ్వలు లేచి పెట్టె పాడవుతుంది. ఏడాది పొడుగునా కట్టాం, విప్పాం, మళ్లీ కట్టాం. మొదటి తీగను ఎంత బిగువుగా కట్టినా, చివరి తీగకు వచ్చేసరికి అది సడలి వెక్కిరిస్తూ కనిపించేది. ఆ పని నాతో కాదని, నన్ను స్టోర్సుకు పంపించేస్తారని చెవిన పడ్డాక నాకు అన్నం సయించలేదు.

సెలవు పెట్టి ఇంటికొచ్చి, పట్టుచీర అంచు నేస్తున్న అన్న పక్కన కూర్చుని నా గోడు వెళ్లబోసుకున్నాను. ఏడో తరగతి దాటని మా అన్న పోగు నడిపే నాడె పక్కన పెట్టి అంతా విన్నాడు.

"ఒక్కొక్కటే బిగిచ్చుకుంట పోతే చట్రం వంగదా తమ్మి? అది వంగితే ముందుగాల కట్టింది సడలుతది. అన్నిటికి ఒక్క తూకం పుల్లలు ఏలాడెయ్యి. చట్రం ఎంత వంగేదుంటే అంత వంగనియ్యి. గప్పుడు ముడులెయ్యి."

అంతే. నా తీగలు బరువు ఆగవేమోనంటే పుల్లలను సగానికి కోసి, కంసాలి త్రాసులో ఒక్కొక్కటీ తూయించి, ఆకురాయితో అరగదీసి, గుడ్డలో మూటకట్టి నా సంచిలో పెట్టాడు.

పెట్టె పనిచేసింది. రవ్వ లేవలేదు, తీగ తెగలేదు. పై అధికారి అందరి ముందూ నా భుజం మీద చెయ్యేసి ఈ ఉపాయం ఎక్కడిదని అడిగితే, మగ్గం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చుట్టూ పెద్ద చదువుల వాళ్లు, నవ్వుతారనిపించింది. ఏదో విదేశీ పత్రికలో చదివానన్నాను. ఆ ఏడే ప్రమోషనూ వచ్చింది.

అన్న నన్ను అడిగింది ఒక్కటే, ఆ పెట్టెను ఒకసారి కళ్లారా చూడాలని. ఏడాదికొకరోజు ఇంటివాళ్లను లోపలికి తీసుకుపోనిచ్చేవారు, నా తోటివాళ్ల బామ్మర్దులు సైతం వచ్చి చూసిపోయారు. నేను మాత్రం బయటివాళ్లను రానివ్వరని అన్నకు అబద్ధం చెప్పాను. పెట్టె పక్కనే బల్ల మీదున్న ఆ పుల్లలను చూడగానే ఇవి నావేనని అందరి ముందూ సంబరంగా అనేస్తాడని నా భయం.

తర్వాత వనపర్తిలో ఒక పెండ్లి. భోజనాల బంతిలో మానవపాడు బావ మా అన్నను ఆటపట్టించాడు.

"ఏంది బావా, అణు మిషన్ల నీ చెయ్యి కూడ ఉందంట గదా?"

"నన్నెందుకడుగుతవ్, మా తమ్మున్నే అడుగు," అని అన్న ధీమాగా నా వైపు తిరిగాడు.

అక్కడ నవ్వడానికి ఏ అధికారీ లేడు. అయినా నా అబద్ధం అప్పటికే నాకు అలవాటైపోయింది. అన్నకు నా మీద ప్రేమ ఎక్కువ, అందుకే అలా అంటాడని నవ్వేశాను. బంతంతా నవ్వింది. అన్న పెరుగన్నం సగంలోనే విస్తరి మడిచి లేచాడు. ఆ తర్వాత పోయేదాకా ఆ పెట్టె మాట ఎత్తలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ పెట్టెనూ ఎప్పుడో విప్పి పడేశారని విన్నాను. మొన్న వాకిట్లోంచి మళ్లీ లోపలికి పోయి, పాతసామాన్లవాడి చెయ్యి పట్టుకుని ఆపి, వదిన వింటుండగా ఈ కథంతా వాడికి చెప్పాను. వాడు "అట్లనా సారూ" అని సంచి మూతి కట్టుకున్నాడు.

"గా పెండ్లిల అడిగినప్పుడే జెప్తే నీదేం బోయేది?" అంది వదిన.

ఒకప్పుడు మా వీధిలో మగ్గాల చప్పుడుకు పక్కమనిషి మాట వినపడేది కాదు. ఇప్పుడు ఎంత మెల్లగా చెప్పినా వీధంతా వినపడుతుంది, కానీ మా అన్న లేడు.