ఇటలీకి రెండు కాగితాలు

మా జిల్లాలో ఒకే ఇంటివాళ్లు ఏడుగురు ఒక్కరోజే కూలిపోయారంటే, వినేవాళ్లు వెంటనే గొంతు తగ్గించి “ఏ వర్గమంట?” అని అడిగే రోజులవి. మా ఏడుగురినీ కూల్చింది ఏ వర్గమూ కాదు. నేను. వాడిన ఆయుధం టైపు కొట్టిన ఒక తెల్లకాగితం. మీరు కంగారు పడకుండా ముందే చెప్పేస్తున్నాను, మాలో ఎవరూ చావరు. చచ్చినంత పని మాత్రం అయింది.

మాకు ప్రొద్దుటూరులో బంగారం అంగడి ఉంది. ఆ రోజుల్లో ఆడవాళ్లు మిషన్ మీద అల్లిన సన్నపాటి చైన్లంటే పడి చచ్చేవాళ్లు. వాటికి ‘ఇటలీ చైన్లు’ అని పేరు. మా నాయన ఏళ్ల తరబడి రోజుకు వందసార్లు ఇటలీ మాట అన్నాడు గానీ ఆ దేశం పటంలో ఏ మూల ఉందో కూడా ఎరగడు. అలాంటి ఆయనకు, చైన్ల మిషన్లు చేసే అక్కడి కంపెనీ ఒకటి తమ ప్రదర్శన చూడటానికి రమ్మని ఉత్తరం రాసింది. పిలిచింది ఒక్కణ్ని. వారం తిరిగేసరికి మేం ఏడుగురమయ్యాం. నాయనను ఒంటరిగా పంపనని అమ్మ, ఇంగ్లీషు వచ్చినవాడు ఉండాలని నేను, నన్ను ఒంటరిగా పంపనని నా భార్య ఉమ, కూతురితోపాటు ఆమె తండ్రి, అంటే మా మామ. ఇంతలో పులివెందులలో ఉన్న మా అక్కకు కబురు తెలిసింది. అక్కతోపాటు బావకూ తెలిసింది. బావకు తెలిసిందంటే పులివెందులకు తెలిసినట్టే.

అప్పటికి నాకు ఇరవయ్యేడేళ్లు. డిగ్రీ పట్టా ఉంది కాబట్టి మా ఇంట్లో లోకజ్ఞానమంతా నా ఖాతాలోనే ఉండేది. ఇల్లలకగానే పండగ కాదంటారు. నేను మాత్రం అట్లాసు విప్పగానే రోములో దిగిపోయాను. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో చాప మీద పటం పరిచి, బెత్తం పెట్టి ఊళ్లు చూపిస్తుంటే, మావాళ్లు చవితి కథ విన్నంత శ్రద్ధగా వినేవాళ్లు. వెనీసులో వీధులన్నీ నీళ్లేనని, పక్కింటికి పోవాలన్నా పడవ ఎక్కాలని చెబితే అమ్మ నమ్మలేదు. “మనకు పెన్నేట్లోనే నీళ్లు లేవు. వాళ్లకు వీధిలో నీళ్లా?” అని ఆ దేశం మీద కాస్త అసూయ కూడా పడింది. పీసాలో ఒక గోపురం పక్కకు ఒరిగిపోయి వందల ఏళ్లుగా అట్లే ఉందన్నాను. బావ రోడ్ల కాంట్రాక్టరు. ఆయన చాలాసేపు ఆ బొమ్మను చూసి, “ఇంత వాలినదానికి బిల్లు ఎట్ల పాస్ చేయించుకున్నాడప్పా?” అని ఆ కాంట్రాక్టరుకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ఇక మామ. ఆయనకు జమ్మలమడుగులో నూనె మిల్లు ఉంది. అంతకుముందు పల్లెలో అంగడి నడిపేవాడు. ఆ పల్లెలో రెండు వర్గాలుండేవి. ఇద్దరికీ నూనె అమ్మి, ఇద్దరి దగ్గరా మాట పడకుండా ప్రాణాలతో బయటపడ్డ మనిషి. రోములో పెద్ద రాతి కట్టడం ఉందని, పూర్వం అందులో మనుషులు కత్తులతో కొట్టుకుంటుంటే జనం చుట్టూ మెట్ల మీద కూర్చుని చూసేవాళ్లని నేను ఉత్సాహంగా చెబుతుంటే ఆయన అడ్డుపడ్డాడు.

“నరుక్కునేది చూసేదానికి అంత దూరం ఎందుకప్పా?” అన్నాడు.

ఆ కట్టడానికి కేటాయించిన పూటను సగం పూటకు తగ్గించాను.

నెల రోజులు కూర్చుని మొత్తం ప్రయాణం రాశాను. ఏ రోజు ఏ ఊరు, ఎన్ని గంటలకు ఏ రైలు, ఏ హోటలు, దారిలో తినడానికి అమ్మ చేసే నిప్పట్ల డబ్బా ఎవరు మోయాలి, అన్నీ. ఆదివారం బయలుదేరి, రోముతో మొదలుపెట్టి మిలానులో ముగించడం. టైపు చేయించి అందరికీ తలా ఒకటి పంచాను. మెచ్చుకుంటారని మామ ముఖం వైపు చూశాను. ఆయన కాగితం మడిచి, అందరి చేతుల్లోవీ ఒక్కొక్కటిగా తీసుకుని, పొయ్యిలో వేసి వచ్చాడు.

“ఏ రోజు, ఏ దావలో, ఎన్ని గంటలకు పోతామో రాసి పంచుతావా?” అన్నాడు. గొంతు పెంచలేదు. పల్లెలో ఆయనతో కలిసి వ్యాపారం చేసిన స్నేహితుడు ఒకసారి టీ అంగట్లో, ఊరివాడు ఒకడితో కలిసి సాయంత్రం బస్సుకు తిరిగొస్తానని ఊరికే నోరు జారాడట. ఏ తగాదాలోనూ లేని మనిషి. ఆ బస్సులో ఆయన పక్కన కూర్చున్నవాడి కోసం కాపు కాశారు. ఇద్దరూ పోయారు. ఆ మాట చెప్పి మామ నీళ్లు తాగాడు.

అప్పుడు ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. బావ జీపు మీద జెండా కట్టుకుని తిరుగుతున్నాడు. ఏ పార్టీ అని అడగొద్దు. ఆయన ఇంకా ఆ పార్టీలోనే ఉన్నాడు, నాకూ రెండు పార్టీల గిరాకీ ఉంది. బావ మీద పళ్లు నూరేవాళ్లు ఉన్నారన్నది మాత్రం నిజం. కాబట్టి మామ ఒక ఉపాయం చెప్పాడు. రెండు ప్రయాణాలు రాయాలి. ఒకటి దొంగది, ఊరికి తెలియడానికి. ఒకటి నిజంది, మద్రాసులో మా టికెట్లు చూసే ఏజెంటుకు మాత్రమే. దొంగదాంట్లో నాలుగు రోజుల ముందు బుధవారమే బయలుదేరుతున్నట్టు ఉండాలి. ఆ బుధవారం అందరం సామాన్లతో జమ్మలమడుగులో ఆయన ఇంట్లో దూరి తలుపులేసుకోవాలి. ఊరంతా మేము ఎగిరిపోయామనుకుంటుంది. కాపు కాసేవాడు ఎవడైనా ఉంటే విసుగెత్తి ఇంటికి పోతాడు. ఆదివారం తెల్లవారగానే మేము మద్రాసు దారి పడతాం.

నిజం చెబుతున్నాను, నాకు ఒళ్లు పులకరించింది. అప్పటిదాకా నేను బంగారం తూచేవాణ్ని. ఇప్పుడు వ్యూహకర్తను. ఉత్సాహం పట్టలేక దొంగ కాగితాన్ని నిజందానికంటే అందంగా తయారుచేశాను. ఊళ్లు తారుమారు చేసి మిలానుతో మొదలుపెట్టాను. హోటళ్లు కూడా మార్చాను. మనిషి అబద్ధం చెప్పేటప్పుడు చూపే శ్రద్ధలో సగం నిజం చెప్పేటప్పుడు చూపిస్తే లోకం బాగుపడుతుంది. రెండూ ఒకే రకం కాగితం, ఒకే టైపు. తేడా తెలియాలని నిజమైనదానికి మూలన పసుపు బొట్టు పెట్టి, రెండూ దేవుడి గూట్లో పెట్టాను.

మర్నాడు బొట్టున్న కాగితం తీసి, ఫ్యాక్స్ ఉన్న అంగడికి పోయి, మద్రాసుకు పంపించాను. పాస్‌పోర్టులన్నీ అప్పటికే ఏజెంటు దగ్గర ఉన్నాయి. ఆ కాగితం ప్రకారమే వీసాలు, టికెట్లు, హోటళ్లు అన్నీ చూసుకుని విమానాశ్రయంలో మా చేతికిస్తాడు. అంతా నున్నగా జరిగిపోయింది.

ప్రయాణం వారంలో ఉందనగా ఏజెంటు ఫోన్ చేశాడు. ఫోన్లో రోజు, గంట మాట్లాడకూడదని మామ ఆజ్ఞ. ప్రొద్దుటూరు ఎక్స్చేంజీలో ఎవరు వింటున్నారో ఎవరికి తెలుసు?

“సార్, బయలుదేరే రోజు ఒకసారి ఖాయం చేసుకుందామని...” అన్నాడు ఏజెంటు.

“రోజు మాట ఎత్తొద్దు. కాగితంలో ఏముందో అదే,” అన్నాను.

“కాగితంలో సార్...”

“కాగితమే ఖాయం,” అని పెట్టేశాను. పెట్టేశాక అద్దంలో నా ముఖం చూసుకున్నాను. అంత గంభీరమైన ముఖం మా వంశంలో లేదు.

బుధవారం పొద్దున మా వీధి వీధంతా వచ్చి మమ్మల్ని సాగనంపింది. పులివెందుల నుంచి బావ పార్టీ కార్యకర్తలు పూలదండలతో వచ్చారు. గుమాస్తాకు కూడా అసలు సంగతి చెప్పలేదు. వాడు కళ్లు తుడుచుకున్నాడు. రెండు కార్లలో కడప వైపు కొంత దూరం పోయి, పొలాల మధ్య మట్టి దారుల్లో చుట్టు తిరిగి, పదకొండు గంటలకు జమ్మలమడుగు చేరి మామ ఇంట్లో దూరాం. కిటికీలు మూశాం. ఎండాకాలం. ఏడుగురం, పద్నాలుగు పెట్టెలు, ఒక్క ఫ్యాను.

అయినా పండగలా ఉంది. నాయన కొత్తగా కుట్టించిన ఉన్ని కోటు తొడుక్కుని, చెమట కారుతున్నా తీయకుండా గదిలో అటూ ఇటూ నడిచాడు. ఉమ మా అమ్మకు ముల్లు చెంచాతో ఉప్మా తినడం నేర్పిస్తోంది. అక్క పటం ముందు వేసుకుని వెనీసు మీద వేలు పెట్టి కూర్చుంది. బావ పార్టీ ఆఫీసుకు పోలేక బోనులో పులిలా తిరుగుతున్నాడు. మామ మాత్రం తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, జీవితంలో మొదటిసారి తన పద్ధతిలో ఒక పని జరుగుతున్నందుకు తృప్తిగా వక్కపొడి నములుతున్నాడు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. అత్యవసరమైతే చేయమని ఆ నంబరు ఏజెంటుకు ఇచ్చి ఉంచాను.

“సార్, నేను విమానాశ్రయం నుంచి. మీ అంగడికి చేస్తే పొద్దున్నే బయలుదేరారన్నారు. ఎక్కడిదాకా వచ్చారు?”

“ఎవరు?” అన్నాను.

“మీరే సార్, ఏడుగురు. టికెట్లు నా చేతిలోనే ఉన్నాయి. ఇంకో ముప్పావు గంటలో కౌంటరు మూసేస్తారు.”

“ఈ పొద్దు బుధవారం గదా?”

“అవును సార్. బుధవారమే.”

గోడ మీద క్యాలెండరు చూశాను. ఒకవేళ ఆదివారం అయి ఉంటుందేమోనని. కాలేదు. జమ్మలమడుగు నుంచి మద్రాసు విమానాశ్రయానికి ముప్పావు గంటలో పోవాలంటే విమానంలోనే పోవాలి, ఆ విమానం మద్రాసులో ఉంది. ఏజెంటు ఇంకా ఏదో చెబుతున్నాడు. ఒకసారి పోతే ఆ టికెట్లు పోయినట్టే, ఈ సెలవుల్లో ఏడు సీట్లు మళ్లీ దొరకవు, ప్రదర్శన అయ్యేలోపు పోవడం కల్ల. నేను ఫోను పెట్టేసి వెనక్కి తిరిగాను. ఆరుగురూ నావైపే చూస్తున్నారు. అమ్మ చేతిలో ముల్లు చెంచా గాలిలోనే ఉంది.

చెప్పక తప్పుతుందా? చెప్పాను. విచారణ అక్కడే మొదలైంది. నా పెట్టెలోంచి రెండు కాగితాలూ తీసి చాప మీద పరిచారు. రెండింటికీ మూలన పసుపు బొట్టు ఉంది.

“ఒకటి బోసిగా ఉంటే నేనే పెట్టినా,” అంది అమ్మ. “దేశం గాని దేశం పోతాంటే కాగితానికి పసుపు లేకపోతే ఎట్ల?”

అమ్మను ఎవరేమంటారు? తప్పంతా తిరిగి నా నెత్తికే వచ్చింది. నాయన కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుతూ అడిగాడు.

“చదివి పంపించినావా, రంగు చూసి పంపించినావా?”

“రంగు చూసి,” అన్నాను.

“బంగారం అంగడోని కొడుకువు. రంగు చూసి కొంటావా రా బంగారాన్ని?”

బావ పెద్దగా తిట్టాడు, అక్క పటం మడిచి పెట్టెలో పెట్టేసింది. ఉమ మాత్రం ఒక్క మాట అనలేదు. అది తిట్టుకంటే కష్టం. మామ, “ఆ విమానం క్షేమంగా పోయిందో లేదో కనుక్కో,” అన్నాడు.

ఇంకో చిక్కు ఉంది. మా లెక్కలో మేము జమ్మలమడుగులో ఉన్నాం, ఊరి లెక్కలో ఇటలీలో ఉన్నాం. దండలు వేయించుకున్న బావ అదే రోజు పులివెందులకు పోతే పార్టీలో మొహమెట్లా చూపిస్తాడు? అందుకని తలుపులు తీయకుండా అక్కడే ఉండిపోయాం. ఇటలీకని చేసిన నిప్పట్లు, ఓళిగలు ఆ ఇంట్లోనే తినేశాం. నేను అడిగితే తప్ప ఎవరూ నాకు ఉప్పు కూడా అందించలేదు.

ఆదివారం తెల్లవారగానే వాకిట్లో హారను మోగింది. మద్రాసు ప్రయాణం కోసం కమలాపురం నుంచి మాట్లాడి పెట్టిన సుమో అది. ఈ గందరగోళంలో దాన్ని వద్దని చెప్పడమే మరిచిపోయాం. మామ పద్ధతి ప్రకారం డ్రైవరుకు ఊరి పేరు ముందుగా చెప్పలేదు. అతను లోపలికి తొంగిచూసి, “యాడికి పోవాల సామీ?” అని అడిగాడు.

అప్పుడు ఉమ, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి, నోరు తెరిచింది.

“గండికోటకు పోదాం. పక్కనే పుట్టి పెరిగి నేను సరిగ్గా చూసింది లేదు.”

ఎవరు ముందు నవ్వారో నాకు గుర్తులేదు. అమ్మే అనుకుంటాను. పావుగంటలో ఏడుగురం సుమోలో ఉన్నాం. నాయన పట్టుబట్టి కోటు తొడుక్కున్నాడు, కుట్టించినందుకు ఒక్కసారైనా ఊరు దాటాలని. కోటలోపల నడిచి, కొండ అంచుకు పోయి, ఎర్రటి రాళ్ల మధ్య అంత లోతున పెన్న పారడం చూసి అందరం నోరు తెరిచాం. అక్క చేతులు చాచి కేకపెడితే లోయ తిరిగి కేకపెట్టింది. బావ పాత ధాన్యపు కొట్టు గోడ మీద చెయ్యి వేసి, ఇన్ని వందల ఏళ్లైనా గుండ్రాయిలా ఉందని, ఈ కాంట్రాక్టరు ఎవరో గానీ గట్టివాడని ఒప్పుకున్నాడు. అమ్మ కిందికి వంగి చూసి, “ఈడ నీళ్లుండాయి,” అంది, సొంత ఏటిని ఎవరో కొత్తగా బహుమతి ఇచ్చినట్టు. ఉమ నా పక్కన నిలబడింది. క్షమించినట్టు అనిపించింది గానీ అడగడానికి ధైర్యం చాలలేదు.

అప్పుడే మా వీధిలోని బట్టల వ్యాపారి ఒకాయన పిల్లలతో ఎదురొచ్చాడు. ఉన్ని కోటులో ఉన్న నాయనను కింది నుంచి పైదాకా చూశాడు.

“ఏమన్నా, బుధవారమే ఇటలీకి పోతిరి గదా?”

“పోతాండాం,” అన్నాడు నాయన తొణక్కుండా. “దావలో దిగినాం.”

ఆయన లోయవైపు ఒకసారి, మావైపు ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా పిల్లల్ని తీసుకుని పోయాడు. మామ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ నాలుగు రోజుల్లో నన్ను ఎవరైనా ప్రేమగా తాకడం అదే.

“చూసినావా అప్పా? మనం ఈడికి వస్తాండామని ఒక్కనికీ తెలీదు. ఎంత క్షేమంగా వచ్చినామో.”

అక్షరాలా నిజం. ఆ పొద్దు ఆరు గంటలదాకా ఆ సంగతి మాకూ తెలియదు. పెన్న సాక్షిగా, కోట సాక్షిగా, మా నాయన ఉన్ని కోటు సాక్షిగా ఆ అంచు మీద నిలబడి నేను ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఎంత పెద్ద రహస్యమైనా కాపాడతాను గానీ, ముందు అదేమిటో నాకు తెలిసిందో లేదో చూసుకుంటాను.