కడుపులో బ్యాక్టీరియా అనగానే కంచం వేరైంది

ఒక ఆదివారం మా అక్షితకు తలంటుతూ మెడ వెనక శనగపిండి పెట్టి రుద్దాను. నల్లగా ఉంటే మురికనుకున్నాను. ఎంత రుద్దినా పోలేదు. తొమ్మిదేళ్ల పిల్ల, "మండుతుంది మమ్మీ" అని ఏడ్చింది. బొద్దుగా ఉంటుందని మా సుల్తానాబాద్‌లో అందరూ బుగ్గలు గిల్లేవాళ్ళే. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతోందని ఆ రోజే గమనించాను.

మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. "జర కరీంనగర్ తీస్కపోయి సూపియ్యి" అన్నాడు ఫోన్లో. అక్కడి పిల్లల డాక్టరమ్మ మెడ చూసి, "ఇది మురికి కాదమ్మా, ఇన్సులిన్ రెసిస్టెన్స్ గుర్తు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేస్తలేదు" అంది. రక్తం తీశారు, స్కానింగ్ చేశారు. ఫ్యాటీ లివర్ మొదలైందట, షుగర్ రాకుండా చూసుకోవాలట. నాకు భయం కూడా వేయలేదు. మాటలు చెవిన పడుతున్నాయి, అంతే.

పుట్టినప్పటి నుంచి వాడిన మందులు అడిగింది. జలుబు చేసినా, దగ్గొచ్చినా మెడికల్ షాపులో యాంటీబయాటిక్ సిరప్ తెచ్చి పట్టించేవాళ్ళం.

"కడుపులో గట్ బ్యాక్టీరియా ఉంటది. మందులతోని, బేకరీ తిండితోని మంచి బ్యాక్టీరియా తగ్గితే, బరువు పెరగడానికి అదీ ఒక కారణం కావొచ్చు. అదొక్కటే అని చెప్పలేం" అంది. బిస్కెట్లు, కూల్‌డ్రింకులు మాన్పించి జొన్నరొట్టె, పప్పు, కూరగాయలు, పెరుగు పెట్టమంది. రోజూ ఆడించమంది.

ఇంటికొచ్చి మా అత్తమ్మకు అంతా చెప్పాను. ఆమె ఒక్క మాటే పట్టుకుంది.

"కడుపుల బ్యాక్టీరియానా? మరి గీ పోరగాండ్లకు అంటదా?"

మా బావగారి పిల్లలిద్దరూ మాతోనే ఉంటారు. ఆ పూట నుంచే అక్షితకు వేరే కంచం, వేరే గ్లాసు. అంటుకోదని చెప్తే, "నీకేం ఎర్క" అంది. మళ్ళీ చెప్పే ఓపిక నాలో లేదు. కోపమూ రాలేదు. వండడం, కడగడం, మొద్దుబారి ఇంట్లో తిరగడం.

నెల తిరిగేసరికి పిల్ల బరువు తగ్గింది. మా ఆయన సంబరపడ్డాడు. అంతలో బడిలో ప్రార్థనప్పుడు కళ్ళు తిరిగి పడిపోయిందని టీచర్ ఫోన్ చేసింది. మళ్ళీ కరీంనగర్. మనవరాలంటే ప్రాణం కదా, ఈసారి అత్తమ్మ కూడా బస్సెక్కింది.

డాక్టరమ్మ బరువు చూసి సంతోషించలేదు. "ఇంత జల్ది తగ్గొద్దు" అని అక్షితనే అడిగింది.

"అన్నం తింటున్నావా బిడ్డా?"

"టిఫిన్ డబ్బా కుక్కకు పెడుతున్న."

"ఎందుకు?"

"నేను తినకపోతే నా కడుపులయి సచ్చిపోతయ్ గద. అప్పుడు అందరితోని కలిసి తినొచ్చు."

ఇన్నాళ్ళకు నాకు ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ అత్తమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మా, అవి నీ కడుపులో ఉన్నయ్, నా కడుపులో ఉన్నయ్. అవి లేకుంటే తిన్నది సరిగా అరగదు. అంటురోగం కాదు."

"నాకు గూడనా?" అంది అత్తమ్మ. ఇంటికి రాగానే ముగ్గురు పిల్లలనూ ఒక్క దగ్గర కూర్చోబెట్టి వడ్డించింది.

ఏడాది దాటింది. అక్షిత బరువు నిలకడగా ఉంది, ఎత్తు పెరుగుతోంది, ప్రస్తుతానికి అది చాలంటున్నారు. మెడ నలుపు కొంచెం తగ్గింది. డాక్టర్ రాస్తే తప్ప యాంటీబయాటిక్ ముట్టడం లేదు. కొత్తవాళ్ళ ముందు తినడానికి మాత్రం ఇంకా జంకుతుంది. నాకూ ఇంకా చాలా రోజులు మొద్దుబారినట్టు, ఏమీ అనిపించకుండానే గడుస్తాయి.

ఒక్కటి చెప్తాను. పిల్లల్ని చూపించడానికి వెళ్ళేటప్పుడు ఇంట్లో అన్నం పెట్టే పెద్దవాళ్ళను కూడా మొదటిరోజే తీసుకెళ్ళండి. జబ్బు గురించి పిల్లకు అర్థమయ్యేలా చెప్పమని డాక్టర్‌ను అడగండి. ఆ మొదటిరోజు మేమంతా అక్షిత కడుపు గురించే మాట్లాడుకున్నాం. పక్కనే కూర్చుని వింటున్న అక్షితకు మాత్రం ఎవరమూ ఏమీ చెప్పలేదు.