గడప తొక్కని పరుగు

మా ఇంట్లో గడప తొక్కితే వీపు మోగేది. ప్రతి శుక్రవారం అమ్మ దానికి పసుపు రాసి బొట్లు పెట్టేది. "లక్ష్మి కూసునే జాగ, దాటిపో, తొక్కకు!" అని నాకు నడక వచ్చిన నాటి నుంచీ ఒకటే పోరు. ఆ పోరే ఒకనాడు నన్ను ఆటలో ఓడించింది.

ఎనభైల్లో ఇల్లందులో మా బడికి కొత్తగా వచ్చిన ఆటల టీచరమ్మ ఆడపిల్లలకు బేస్‌బాల్ నేర్పింది. బంతిని బ్యాటుతో కొట్టి, మూడు మూలల్లో పెట్టిన ఇసుక సంచులను తొక్కుకుంటూ చుట్టి, బయలుదేరిన చోట ఉన్న చెక్కను తొక్కాలి. అప్పుడు అంపైరు రెండు చేతులూ బార్లా చాపి "సేఫ్" అంటే ఒక పరుగు. మా బస్తీలో ఎవరికీ ఆ ఆట తలాతోకా తెలియదు. "చిర్రగోనెకు ఇంగ్లీషు సదువు చెప్పిచ్చిన్రా ఏంది?" అని మా కర్రాబిళ్ల ఆటతో పోల్చి పక్కింటామె పడీ పడీ నవ్వేది.

మా నాయన మాత్రం నవ్వలేదు. అసలు నవ్వడమే మానేశాడప్పటికి. ఆయన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. పెళ్లయినా బోనాలయినా నిలబడ్డ చోటే పాట అల్లేవాడు. ఆ ఎండాకాలం బాయిలో పైకప్పు కూలి, పక్కనే పనిచేస్తున్న ఆయన దోస్తు పోయాడు. ఇక నాయన బాయి దిగలేదు, పాట ఎత్తలేదు. అరుగు మీద కూర్చుని రోడ్డు చూసేవాడు. "నాగాలు ఎక్కువైతున్నయ్. గిట్లనే ఉంటె నౌకరి పోతదే" అని యూనియన్ ఆయన వచ్చి చెప్పిపోయాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నౌకరి సంగతి నాకంతగా పట్టలేదు గానీ, పాట లేని నాయనను చూస్తే భయమేసేది.

వేరే బడితో పోటీ ఉన్న రోజు ఆయన చెయ్యి పట్టి లాక్కుపోయాను. "రాకపోతే నీతోని మాట్లాడ!" అన్నాను. వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. ఆట ఆఖరుకొచ్చింది. నేను కొట్టిన బంతి పోయి తుమ్మపొదల్లో పడింది. ఇక ఉరికాను చూడండి! మూడు సంచులూ తొక్కి చెక్క దిక్కు తిరిగాను. మా టీచరమ్మ దానికి పచ్చటి పసుపు రంగు వేయించింది. అది కళ్లబడగానే కాలు నా మాట వినలేదు. ఎగిరి అవతలికి దూకేశాను. వెనక్కి తిరిగి తొక్కేలోపే అవతలి జట్టు పిల్ల బంతి తెచ్చి నాకు తాకించింది. ఔట్! ఒక్క పరుగుతో ఓడిపోయాం.

ఇంటిదాకా వెక్కుతూనే వచ్చాను. నాయన అరుగు మీద కూర్చున్నాక గొంతు సవరించుకుని, మెల్లగా ఎత్తుకున్నాడు:

"మూల మూల ముట్టుకుంట ఉరికొస్తివే బిడ్డా
దుమ్ము కండ్ల పడ్డగాని ఆగకుంటివే
ఎంత దూరమురికితేంది, ఏం ఫలమే బిడ్డా
ఇంటి గడప ముట్టినంకనె గెలుపైతదే"

నా ఏడుపు ఆగిపోయింది. పొయ్యి దగ్గరున్న అమ్మ పిండి చేతులతోనే బయటికొచ్చింది. ఎన్నాళ్లకు విన్నదో ఆ గొంతు! అయినా ఊరుకునే మనిషా?

"బిడ్డకైతే మంచిగనే చెప్పినవ్" అంది. "ఇల్లు కదలనోడు మళ్ల గడపకెట్ల తిరిగొస్తడయ్యా?"

నాయన తెల్లారి ఫస్ట్ షిఫ్టుకు బూట్లు దులుపుకుని, అమ్మ కట్టిన సద్ది పట్టుకుని బయలుదేరాడు. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

బడి నుంచి నేను ప్రాక్టీసు ఎగ్గొట్టి వచ్చి గడప లోపల నిలబడ్డాను. షిఫ్టు దిగినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. ఆయన లేడు. దేవుడా, ఆ ఆటకు నేను తీసుకుపోకపోతే ఆయన ఇంట్లోనే ఉండేవాడు కదా అనిపించింది. అందరూ పోయాక మలుపు తిరిగి వచ్చాడు. పండ్లు తప్ప ఒళ్లంతా నలుపు.

గడప ముందు ఆగాడు. అమ్మను చూశాడు, నన్ను చూశాడు. బొగ్గు బూటు ఎత్తి పసుపు గడప మీద నిండుగా మోపాడు.

"చూస్తున్నవా బిడ్డా, గిట్ల తొక్కాలె."

నేను రెండు చేతులూ బార్లా చాపాను. "సేఫ్, నాయనా! సేఫ్!"

అమ్మ తిట్టలేదు. ఆ శుక్రవారం గడపకు పసుపు రాసేటప్పుడు ఆ బూటు మచ్చను కడగకుండా, దాని చుట్టూ రాసింది.