పదకొండో అంతస్తు గొయ్యి

ముందు పోయినవన్నీ చెప్పి తర్వాత కథలోకి వస్తాను. ఆ రోజుల్లో ఎంత సుఖపడ్డామో రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఏమేం పోగొట్టుకున్నామో పద్దు రాసినవాడు కనబడడు. ఐదు నెలల ఆదివారాల్లో నావి నాలుగు వందల పన్నెండు ప్రాణాలు పోయాయి (నోటుబుక్కులో ఐదేసి గీతలకో కట్ట చొప్పున లెక్క ఉంది). టేపురికార్డరు నమిలేసిన కేసెట్లు రెండు, టీవీ ఫ్యూజు ఒకటి, కంప్యూటరు మీద నొక్కి నొక్కి అరిగిపోయిన దూకుడు మీట అక్షరం ఒకటి, చివరగా నా పరువు. పరువు పోయిందని ఒప్పుకుంటున్నాననుకోకండి. పద్దులో చూపిస్తున్నాను, అంతే.

ఎనభైల నడుమ మాట. మేముండేది హిందీ మాట్లాడే ఉక్కు ఊళ్ళో, భుయ్యాడీహ్ అనే పేటలో. నాన్న ఉక్కు కర్మాగారంలో పనిచేసేవాడు. నేను మెట్రిక్‌లో లెక్కలు తప్పి (రెండుసార్లు, మొదటిసారి జ్వరం, రెండోసారి జ్వరం లేదు) ఒక తుక్కు కాంట్రాక్టరు దగ్గర లారీల కాటా మీద గుమాస్తాగా చేరాను. బడిలో రాని లెక్క అక్కడ వచ్చింది. నిండు లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసెయ్యాలి, మిగిలిందే సరుకు. నాకు తెలిసిన గణితమంతా ఆ ఒక్క తీసివేత మీద కట్టుకున్నదే. అదే ఊళ్ళో సీతారాండేరా అనే పేటలో ఇంజనీరు బాబాయి ఉండేవారు. రక్తసంబంధం ఏమీ లేదు, నాన్నా ఆయనా ఒకే ఊరివాళ్ళు. ఊరుగాని ఊళ్ళో బాబాయి కావడానికి అది చాలు. ఆయన ట్రైనింగుకి ఇంగ్లాండు వెళ్ళి, రబ్బరు మీటలున్న చిన్న కంప్యూటరొకటి తెచ్చారు. దాన్ని టీవీకి తగిలించి, టేపురికార్డరులో కేసెట్టు పెట్టి, అది ఐదు నిమిషాలు కీచుమని అరిచాక, తెర మీద పదహారు అంతస్తుల మేడ, అందులో వేలెడంత మనిషి కనబడేవాడు. వాడు దీపాలు ఏరుకుంటూ, ఒక పలక మీంచి ఇంకో పలక మీదకి దూకుతూ పై అంతస్తుకి పోవాలి. పడితే ఒక ప్రాణం పోతుంది. ఆటకి మూడే ప్రాణాలు.

అందరూ వేళ్ళతో ఆడేవారు, నేను గళ్ళకాగితంతో ఆడాను. ఏ పలక ఎన్ని అంకెలు లెక్కపెట్టేసరికి కదులుతుందో, ఏ దూకుడు ఎన్ని గళ్ళు పోతుందో రాసుకుని, పది అంతస్తులు ఎక్కించాను. "నువ్వు మెట్రిక్ తప్పడమేట్రా, నీ పేపరు దిద్దినోడు తప్పాడు" అన్నారు బాబాయి. నా అంకెకి మర్యాద దొరికిన చోటు ఆ ముందుగది ఒక్కటే. పదకొండో అంతస్తులో ఆ మర్యాదకే గొయ్యి తవ్వి ఉంది.

ఎన్నిసార్లు దూకించినా తెర మీది మనిషి గోతిలో పడుతున్నాడు. ఒక ఆదివారం కాగితం తీసి తేల్చేశాను.

"బాబాయ్, ఇది అవదు. ఈ ఆటలోనే తప్పుంది."

"ఏటి తప్పు?"

"దూకితే, లేచిన మడమ నుంచి ఆనిన వేలుదాకా ఏడు గళ్ళు పోతాడు. అందులో మనిషి వెడల్పు రెండు గళ్ళు తీసెయ్యండి. నికరం ఐదు. గొయ్యి ఆరు. ఆట సేసినోడికి లెక్క రాదు."

"ఇంగ్లాండోడికి రాదంట, మనోడికి వచ్చంట!" అని వంటింట్లోంచి పిన్ని.

బాబాయి మాత్రం నవ్వలేదు. కాగితం మీద గీత గీసి, కింద జవాబు చుట్టూ గడి కట్టి ఇస్తే ఇంజనీర్లు నమ్మేస్తారని ఆరోజే తెలిసింది. ఆట తయారుచేసిన కంపెనీకి ఆయనే ఉత్తరం టైపు చేసి, 'లెక్క కట్టినవారు' అని కింద నా పేరు పెట్టి, పోస్టు చేశారు. కార్బన్ కాపీ నాన్నకిచ్చాను. నా మెట్రిక్ సంగతి ఎవరడిగినా మాట మార్చే మనిషి, ఆ కాపీని చొక్కా జేబులో పెట్టుకుని క్యాంటీనులో అందరికీ చూపించాడు.

మరుసటి ఆదివారం, బాబాయిగారి చిట్టి (పన్నెండేళ్ళది, తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది) కుర్చీలోంచి నన్ను నెట్టింది. "హటియే భయ్యా, మేరీ బారీ హై."

"నీ వంతు సరేలే, పదకొండు దూకకు. అవదని కాగితంలో ఉంది గదే గుంటా."

"కాగజ్ మే హై. టీవీ మే తో నహీ హై న!" అంది, కాగితంలో ఉంటే ఉంది, టీవీలో లేదుగా అని.

మనిషిని పలక చివరిదాకా నడిపింది. మడమ మాత్రమే ఆని ఉంది, మిగతా మనిషంతా గాలిలో ఉన్నాడు. "ఒకడుగు ఇవతల ఆపు, పడిపోతాడు!" అని అరిచాను. అంచుకి ఒకడుగు ఇవతల నిలబడాలని చిన్నప్పట్నుంచీ నాన్న నేర్పాడు. కొలిమి పక్కన పనిచేసేవాళ్ళ ఇళ్ళలో అది మొదటి పాఠం. నేను పోగొట్టుకున్న నాలుగు వందల పన్నెండు ప్రాణాలూ ఆ ఒకడుగు ఇవతల నుంచి దూకి పోయినవే. చిట్టి మీట నొక్కింది. అవతలి పలకకి వాడి బొటనవేలు తగిలింది. నిలబడ్డాడు. మనిషిని తీసెయ్యకూడదట! వేలు ఆనితే చాలు, ఆట మొత్తం మనిషినీ ఒప్పుకుంటుందట.

"ఉత్తరం వెళ్ళిపోయిందేటండీ?" అంది పిన్ని.

"వెళ్ళిపోయింది" అన్నారు బాబాయి, నా వైపు చూడకుండా.

చిట్టి వాళ్ళ కాన్వెంటు పద్ధతిలో శిక్ష వేసింది. 'నా లెక్క తప్పు' అని వందసార్లు రాయాలి. రాసేదాకా కుర్చీ లేదు.

ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాను. నాన్న పొద్దుటి షిఫ్టు దిగి వచ్చేసరికి అరవై మూడు అయ్యాయి.

"ఏటి రాత్తన్నావు?"

అంతా చెప్పాను. జేబులోంచి కార్బన్ కాపీ తీసి ఇస్తాడని చెయ్యి చాపాను. ఆయన దాన్ని జేబులోనే చేత్తో అదుముకున్నాడు.

"మడిసిని తియ్యకుండా నికరమెలా తేల్తాదిరా? నువ్వు తీసినావు, ఆల్లు తియ్యలేదు. తప్పెవులిది? కలం దించు."

దించాను. మళ్ళీ ఎత్తలేదు. కుర్చీ కూడా మళ్ళీ ఎక్కలేదు. పన్నెండో అంతస్తు ఎలా ఉంటుందో ఇప్పటికీ నాకు తెలీదు. ఇంగ్లాండు నుంచి జవాబు రాలేదు (రాలేదంటే కాదనలేదనే అర్థం). చిట్టి ఇప్పుడు పిల్లలకి లెక్కలు చెబుతోంది. కనబడినప్పుడల్లా "భయ్యా, బాకీ?" అని చెయ్యి చాపుతుంది. తుక్కు కాటా మీద నాకంటే ఖచ్చితమైన మనిషి ఈ ఊళ్ళో లేడని, ఖాళీ బరువు తియ్యని ఆటని నేను ఒప్పుకోనని ఆమెకి చెబుతాను. చెబుతూనే, కలం పట్టుకుని నాన్న మొహంలోకి చూస్తున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుని నాలో నేను నవ్వుకుంటాను. చిట్టి వాడి చేత రాయించలేకపోయినవి, నేనూ రాయనివి, ఆ వందలో ఇంకా ముప్పై ఏడు.