గాజుకు సిగ్గెక్కువ

గాజు పోగుకు సిగ్గెక్కువని, దాన్ని అతికేటప్పుడు ఎవరూ చూడకూడదని నమ్మిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే పుట్టాడు. ఆ ఒక్కడూ తనకే బావ కావడం బావమరిది చేసుకున్న పాపం.

ఇద్దరిదీ ఇంటింటికీ ఇంటర్నెట్ తీగలు వేసే పని. వీధి పొడవునా గొట్టాల్లోంచి ఫైబర్ అనే గాజు తీగ లాగి, గోడ వారన ఇనప పెట్టె నిలబెట్టేది బావ. ఆ పెట్టె ముందు పీట వేసుకుని, వెంట్రుకంత గాజు పోగుల పైపొర ఒలిచి, దూదితో తుడిచి, కొనలు కోసి, చిన్న మెషిన్‌లో పెట్టి అతికేది బావమరిది. మెషిన్ మూత తెరవడమే ఆలస్యం, బావ లేచి నిలబడి సంతాప సభలో మాట్లాడే గొంతుతో ప్రకటించేవాడు.

"అందరూ దయచేసి అటు తిరగండి. గాజుకు సిగ్గు."

ఆ గొంతులోని గాంభీర్యానికి జనం నిజంగానే తిరిగేవారు. ఎందుకండీ అని ఎవరైనా నసిగితే, "పైపొర ఒలుస్తున్నాం కదండీ. మీరు బట్టలు మార్చుకునేటప్పుడు నేనొచ్చి ఎదురుగా నిలబడనా?" అనేవాడు.

ఒకసారి నాలుగు రోడ్ల కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని కూడా గోడవైపు తిప్పేశాడు. ఆయన మళ్ళీ ఇటు తిరిగేసరికి బస్సులూ లారీలూ చిక్కుపడిన ఉన్నిలా ఉన్నాయి. ఇంకోసారి పెట్టెకు ఎదురుగా ఎవరో మహానుభావుడి విగ్రహం ఉంటే, నిచ్చెన వేసుకుని మరీ ఎక్కి తలకు గోనెసంచి తొడిగాడు.

"బావా, అది రాయి!" అని తల పట్టుకున్నాడు బావమరిది.

"రాయే. కళ్ళు చూడు, ఎంత పెద్దవి చెక్కారో!"

బావమరిది ఇంటికొచ్చి అక్కతో మొరపెట్టుకునేవాడు. "అక్కా, మీ ఆయన్ని మంచి డాక్టరుకు చూపించవే."

"చూపించాన్రా. ఆ క్లినిక్కులో నెట్ పెట్టినప్పుడు డాక్టరు గారూ గోడవైపు తిరిగే నిలబడ్డారట. ఇద్దరూ ఆ కబుర్లే చెప్పుకున్నారు."

ఇలా ఉండగా కొత్త ఆఫీసరమ్మ వచ్చారు. బావ ప్రకటన విని ఆవిడ కదల్లేదు.

"నేను చూడటానికే వచ్చాను. రేపు మీరు రావద్దు. ఆయనొక్కరే నా ఎదురుగా అతకాలి. చేతకాకపోతే మెషిన్ వదిలి గుంతలు తవ్వే జట్టులోకి వెళ్ళాలి."

బావ ముఖం పాలిపోయింది. బావమరిదికి మాత్రం లోలోపల సంబరమే. ఒక్కరోజైనా నలుగురిలా పని చేసుకోవచ్చు!

మర్నాడు టీ బండి పక్కనున్న పెట్టె ముందు కూర్చున్నాడు. జనం మూగారు. "నెట్ ఎప్పుడొస్తదన్నా?" అని ఒకరు. "అదేనా తీగ? కంటికే ఆనట్లేదే!" అని ఇంకొకరు. ఆఫీసరమ్మ అతని భుజం మీదుగా వంగి చూస్తున్నారు. మొదటి పోగు పుటుక్కున విరిగింది. రెండోదాని కొన వంకరగా తెగి, ఇది నావల్ల కాదన్నట్టు మెషిన్ కీచుమంది. బావమరిది తన వేళ్ళకేసి చూసుకున్నాడు. వణుకుతున్నాయి. పనిలో చేరిన మొదటిరోజు తప్ప ఇన్నేళ్ళలో అవి ఎప్పుడూ వణకలేదు.

"ఏంటన్నా, మీ బావైతే చిటికెలో అతికేస్తాడు," అన్నాడు టీ బండివాడు. "మొన్న నువ్వు సెలవు పెట్టినప్పుడు ఒక్కడే వచ్చాడు. మేమంతా మీద పడి చూశాం. పోగు పైకెత్తి మాకు చూపించాడు కూడా."

"అటు తిరగమనలేదా?"

"ఎందుకు తిరగాలి?"

బావమరిది చేతిలో దూది అలాగే ఉండిపోయింది. సిగ్గు గాజుది కాదు. ఎవరిదో బావకు మొదటిరోజే తెలిసిపోయింది. ఊరంతా తనను పిచ్చివాడనుకున్నా సరే, బావమరిదిని మాత్రం ఎవరూ పిరికివాడనుకోకూడదని ఆ సిగ్గు కాస్తా గాజు నెత్తిన రుద్దేశాడు.

బావమరిది ఆఫీసరమ్మవైపు తిరిగాడు.

"అమ్మా, గాజుకేం సిగ్గు లేదండీ. నాకే. ఎవరైనా చూస్తుంటే చేతులు వణుకుతాయి. కాసేపు అటు తిరగండి. అతికాక ఎంతసేపైనా పరీక్ష చేసుకోండి."

ఆఫీసరమ్మ అతని వేళ్ళవైపు చూశారు. అటు తిరిగారు. ఆవిడ వెనకే జనమూ, కెటిల్ పట్టుకుని టీ బండివాడూ తిరిగారు. తర్వాత ఆవిడ మీటర్ పెట్టి ఒక్కో పోగునూ పరీక్షించి, "శుభ్రంగా ఉంది. మెషిన్ మీ దగ్గరే ఉంచుకోండి," అన్నారు.

బావమరిది పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాడు. బావ గుమ్మంలోనే ఉన్నాడు.

"పొద్దున్నుంచీ అక్కడే రా. పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు," అంది అక్క.

"అయిందా?" అన్నాడు బావ.

"అయింది బావా. మెషిన్ నాదే. కానీ టీ బండివాడు ఒక మాటన్నాడు. నువ్వొక్కడివే అతికిన రోజు ఊరంతా చూస్తున్నా గాజు సిగ్గుపడలేదట?"

బావ ఏమాత్రం తడుముకోలేదు. అదే సంతాప సభ గొంతుతో అన్నాడు.

"అది వేరే కంపెనీ గాజురా. దానికి సిగ్గూ శరమూ లేవు."