నాడి నెమ్మదించాకే ప్రశ్న

మా సారు పోయారన్న వార్త ఫోన్లోకి వచ్చేసరికి నేను మేడ్చల్ బస్టాండు దగ్గర ఇడ్లీ ముందు కూర్చుని, గుండెలోని కవాటాలను వేళ్ల మీద గుర్తుచేసుకుంటున్నాను. నిద్రలోనే పోయారట. సోమవారం నాకు ఫిజియాలజీ సప్లిమెంటరీ. ఈసారీ తప్పితే నా బ్యాచ్ రెండో సంవత్సరంలోకి వెళ్లిపోతుంది, నేను కొత్తగా చేరేవాళ్లకు పెద్దమనిషిగా మిగులుతాను. కాబట్టి పాఠకులు క్షమించాలి, నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, ‘మరి సోమవారం?’ అన్న ప్రశ్న. ఏడుపు రెండో ఇడ్లీ దగ్గర వచ్చింది. దాన్ని కారం చట్నీ మీదికి నెట్టేశాను.

సారు మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్పి రిటైరై, శామీర్‌పేట దాటాక అలియాబాద్‌లో సొంతింట్లో ఉండేవారు. ఫెయిలైన పిల్లలకు ఆదివారాలు మొదటి సంవత్సరం పాఠాలన్నీ మళ్లీ మొదటి నుంచి చదివించేవారు. నేను తొలిసారి వెళ్లిన రోజు సందు మొదట్లో కూర్చున్న పెద్దాయన, ప్లాటు చూడ్డానికి వచ్చావా అని అడిగాడు. బ్యాగు తగిలించుకుని ఆ ఊరు వచ్చేవాళ్లకు ఇంకో పని ఉండదని ఆయన నమ్మకం. సారు ఇల్లెక్కడని అడిగాను. “ఓ, ఫేలైనోనివా,” అన్నాడు. మా హోదా ఊరంతటికీ తెలుసన్నమాట.

ఆ ఇంటి ముందు రేకుల షెడ్డు కింద ఎదురెదురుగా రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఉండేవి. సారు పద్ధతి ఒక్కటే. ప్రశ్నకు ముందు మన చెయ్యి తీసుకుని, బొటనవేలి కింద మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించేవారు. నాడి ఉరుకుతుంటే ప్రశ్న లేదు. టీ వచ్చేది. ఎండల గురించి, హైవే మీద లారీల గురించి మాట్లాడేవారు. నెమ్మదించాకే ప్రశ్న. జవాబు చెబుతున్నంతసేపూ చెయ్యి వదిలేవారు కాదు.

నాలాంటివాడికి ఇది ఘోరమైన అన్యాయం. నా చదువంతా నోటితో నడిచేది. కిడ్నీ గురించి అడిగితే ఒక జోకు, లివర్ గురించి అడిగితే ఇంకోటి. కాలేజీలో వైవా తీసుకున్నవాళ్లు నవ్వారు, నవ్వుతూనే ఫెయిల్ చేశారు. సారు దగ్గర కూడా, గుండె కండరానికి రక్తం ఎప్పుడు బాగా అందుతుందని అడిగితే, గుండె పెళ్లింట్లో వడ్డించే మనిషి లాంటిది, అందరూ తిన్నాక మిగిలితే తింటుంది అన్నాను. సారు నవ్వలేదు, వేళ్లూ తీయలేదు.

“జోకు మంచిగనే ఉంది బిడ్డా. గని నీ నాడి మస్తు ఉరుకుతాంది. భయమైతాందా?”

అవుతోంది సార్ అన్నాను. అడిగినదానికి నేను చెప్పిన మొదటి సరైన జవాబు అదే అయ్యుంటుంది.

“గుండె పిండుకున్నప్పుడు దాని నాళాలు సుత నలుగుతయి. ఒళ్లంతటికి రక్తం పంపుతది గని, తనకు సరిగ అందదు. సడలినప్పుడే తన బువ్వ తను తింటది. నువ్వు పొద్దంత పిండుకునే ఉంటున్నవ్. సదివింది లోపలికి ఎట్ల పోతది?”

దాంతో నాకు ధైర్యం వచ్చేసిందని రాస్తే స్మృతి వ్యాసం అందంగా ఉంటుంది. కానీ రాలేదు. భయం ఉన్నచోటే ఉంది. దాన్ని పట్టుకుని పక్కన కూర్చునే మనిషి దొరికారు, అంతే. తెలియనిది తెలియదని వెంటనే చెబితే ఆయన ముఖం వెలిగేది. “తెల్వకుంటే తెల్వదను. పేషెంటు మీద జోకు పనిచెయ్యది,” అనేవారు. అలా చెప్పినప్పుడల్లా పాఠం మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది, టీ కూడా.

పోయిన ఆదివారం నా నాడి ఎంతకీ దిగలేదు. టీ అయింది, ఎండలయ్యాయి, లారీలయ్యాయి. చివరికి సారు నా చెయ్యిని మెల్లగా నా ఒళ్లో పెట్టేసి, “ఇయ్యాల వద్దు తియ్యి. ఇంటికి పొయ్యి పండుకో. పరీచ్చకు ముందుగాల ఓసారి రా, అడుగుత,” అన్నారు.

వచ్చాను. సారును ఆ షెడ్డు కిందే పడుకోబెట్టారు. కుర్చీలు గోడకు జరిపేశారు. మేం ఫెయిలైనవాళ్లమంతా ప్రహరీ వెంట వరుసగా నిలబడ్డాం. సందు మొదటి పెద్దాయన పక్కనున్నాయనతో, సారు పిల్లలు ఎంత బుద్ధిగా చేతులు కట్టుకున్నారో చూడమంటున్నాడు.

మేం చేతులు కట్టుకోలేదు. నేను వరుస వెంట చూశాను. ఎవరూ చెప్పకుండానే అందరి కుడిచేతి వేళ్లూ ఎడమ మణికట్టు మీదికి చేరాయి. నావీ అక్కడే ఉన్నాయి. నాడి ఇంకా ఉరుకుతూనే ఉంది. అది దిగేదాకా ఆయన అడగరు కదా. అలాగే నిలబడ్డాం.