రీసేల్ ఎంతొస్తుందండీ?

మా ఆయనది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం. పొద్దున లారీ దిగిన సరుకు సాయంత్రానికి కదలకపోతే ఆయనకు అన్నం సయించదు. ఉల్లిపాయ నిలవుంటే మెత్తబడుతుంది, మొలకొస్తుంది, వాసనేస్తుంది. అందుకని కొనేటప్పుడే ఎవరికి అమ్మాలో చూసుకోవాలి. వ్యాపారానికి అది సరే. ఇంట్లోకి కూడా ఆయన అదే లెక్కతో కొంటారు. గాజులు కొనబోతే తిరిగిచ్చేటప్పుడు తరుగెంత పోతుందని అడుగుతారు. నాకు నచ్చిన పెరడున్న ఇల్లు వదిలేసి, అమ్మితే త్వరగా పోతుందని బజారు వీధిలో ఇల్లు కొన్నారు. ముప్పయ్యేళ్ళుగా ఆ ఇంట్లో అద్దెకున్నట్టే ఉన్నాను.

పాత కారు సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. షోరూమువాళ్ళు సీట్లకు తొడిగిన ప్లాస్టిక్ కవర్లు ఆయన తియ్యనివ్వలేదు. ఎండాకాలం చీర వీపుకు అతుక్కుపోయేది. "సీట్లు కొత్తగా ఉంటే అమ్మేటప్పుడు నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి" అనేవారు. ఏళ్ళ తరబడి అలాగే కూర్చున్నాం. చివరికి ఆ కారు కొనుక్కున్న భీమవరం ఆయన మా వాకిట్లోనే కవర్లు చింపి పారేసి, మెత్తటి సీట్లో హాయిగా జారగిలబడి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు నేను మా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

అందుకే వట్లూరులో మా నాన్న నాకిచ్చిన స్థలం అమ్మినప్పుడు ముందే చెప్పేశాను. "ఈ డబ్బుతో కారు కొంటాను. నాకు నచ్చింది కొంటాను. నేనే నడుపుతాను."

మా నాన్నకు తణుకులో లారీలుండేవి. చిన్నప్పుడు కళ్ళు మూసుకుని మంచం మీద పడుకుని, వీధి మలుపు తిరిగే చప్పుణ్ణి బట్టి ఏ బండి వస్తోందో చెప్పేదాన్ని. ఇంజన్ల పిచ్చి అప్పటిది. యాభై దాటాక అది తగ్గకపోగా ముదిరింది. వంట పొయ్యి మీద పెట్టి, ఫోన్లో రేసు కార్ల వీడియోలు చూస్తూ కూర మాడబెట్టిన రోజులున్నాయి.

విజయవాడలో ఖరీదైన పాత కార్లమ్మే ఒకాయన, రెండు కార్లు ఏలూరు తెచ్చి చూపిస్తానంటే వెళ్ళాం. రెండూ జర్మనీవే. ధరలో పెద్ద తేడా లేదు. ఒకటి తెల్లది, నాలుగు తలుపులది. రెండోది ముదురు ఆకుపచ్చది. రెండే తలుపులు, నేలకు అంటుకున్నట్టుంటుంది, సీట్ల వెనక ఆరు సిలిండర్ల ఇంజను. దాన్ని చూడగానే నా మనసు అక్కడే ఆగిపోయింది. మా ఆయన మాత్రం రెండింటి చుట్టూ తిరిగి, ఉల్లి బస్తాలో చెయ్యి పెట్టి చూసినట్టు తలుపు సందుల్లో వేళ్ళు పెట్టి చూశారు.

"రీసేల్ ఎంతొస్తుందండీ?"

"తెల్లదైతే మీరెప్పుడిచ్చినా కళ్ళకద్దుకుని తీసుకుంటారండి" అన్నాడు కార్లాయన. "పచ్చదానికి కొనేవాళ్ళు తక్కువండి. రెండు సీట్లే కదండీ. ఆ రంగు కూడా అందరూ అడగరండి. ధర బాగా పడిపోతుంది."

"సర్వీసు?"

"హైదరాబాదు పంపాలండి. టైర్లు కూడా ఖరీదేనండి."

మా ఆయన నావైపు తిరిగారు. "విన్నావుగా. తెల్లది తీసుకుందాం. నాలుగేళ్ళు వాడుకుని ఇచ్చేసినా పెద్దగా పోయేదేం ఉండదు."

"ఏవండీ, ఇంకా కొననేలేదు, అప్పుడే అమ్మేశారా?" అన్నాను. కార్లాయన నవ్వాపుకోవడానికి అటు తిరిగాడు.

నడిపి చూద్దామని కైకలూరు రోడ్డు పట్టాం. ముందు తెల్లది నడిపాను. మంచి కారే, వంక పెట్టడానికేం లేదు. మెత్తగా, చప్పుడు లేకుండా పోయింది. "చూశావా, ఇంట్లో కూచున్నట్టుంది" అన్నారు మా ఆయన. ఇంట్లో కూర్చోవడానికి కారెందుకండీ అనబోయి ఊరుకున్నాను.

పచ్చదాంట్లో ఇద్దరికే చోటు కాబట్టి కార్లాయన, తెల్లదాన్ని ఆపిన టీకొట్టు దగ్గరే ఆగిపోయాడు. మా ఆయన మోకాళ్ళు పట్టుకుని, గోతిలోకి దిగినట్టుందని సణుగుతూ కూర్చున్నారు. ఊళ్ళు దాటి, రెండు పక్కలా చేపల చెరువులున్న తిన్నటి రోడ్డు రాగానే కాలు గట్టిగా నొక్కాను. వెనక నుంచి ఇంజను చప్పుడు లేచి నా వెన్నులోకి పాకింది. నీళ్ళు కారుతూ పోతున్న చేపల లారీని దాటాను. మా ఆయన తలుపు పిడి పట్టుకున్నారు. అంతలో దూరంగా గట్టు మీంచి బాతుల మంద రోడ్డెక్కింది. బ్రేకు తొక్కితే కారు ఉన్నచోట నిలబడింది. బాతులు మమ్మల్ని ఖాతరు చెయ్యకుండా తీరిగ్గా దాటాయి. నాకు నవ్వొచ్చింది. కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాను.

తిడతారనుకున్నాను. ఆయన నన్నే చూస్తున్నారు.

"ఏంటలా చూస్తున్నారు?"

"ఏం లేదు. ఇంకొంచెం దూరం పోనివ్వు" అన్నారు.

కొల్లేరు వంతెన దాకా వెళ్ళొచ్చాం. దారంతా ఆయన స్పీడు ముల్లునే చూస్తూ కూర్చున్నారు. లెక్కలు వేస్తున్నారనుకున్నాను. డబ్బు నాదే, సంతకమూ నాదే. అయినా ఆయన మొహం ముడుచుకుని ఉండగా కొంటే నాకేం సుఖం? ఎప్పుడో ఒకరోజు ఎవరికో ఇచ్చేయాలన్న ఆలోచన లేకుండా, మాది అనుకుని ఉంచుకునే వస్తువు ఒక్కటైనా మా ఇంట్లో ఉండాలి. అలా ఉంచుకోవాలని ఆయనకూ అనిపించాలి. నేను కోరుకున్నది అదే.

మేం టీకొట్టు దగ్గరికి రాగానే కార్లాయన మా మొహాలు చూసి సంచిలోంచి ఒక కాగితం తీశాడు. "పచ్చదే నచ్చితే రీసేల్ గురించి దిగులు పడకండి. మూడేళ్ళకి మేమే తిరిగి కొనేస్తాం. ధర ఇప్పుడే రాసిస్తామండి. కాకపోతే ఎక్కువ తిప్పకూడదు. అంతేనండి."

మా ఆయనకు ఇంతకంటే ఏం కావాలి. కళ్ళజోడు పెట్టుకుని ధర చదివారు. మంచి ధరేనని ఆయన కనుబొమలు చూస్తేనే తెలిసిపోయింది. నా ప్రాణం ఉసూరుమంది. ఇంటికి రాకముందే అది వెళ్ళిపోయే రోజు కూడా ఖాయమైపోయిందనుకున్నాను.

ఆయన కాగితం మడిచి వెనక్కిచ్చేశారు.

"బయట అంత రాదండి" అన్నాడు కార్లాయన.

"తెలుసండి. ధర బాగానే ఉంది. కాని మా ఆవిడ దీన్ని బాగా తిప్పుతుందండి" అన్నారు మా ఆయన. "ఇది అమ్మేది కాదు."

ముప్పయ్యేళ్ళలో ఆయన నోటి వెంట ఆ మాట వినడం నాకదే మొదటిసారి.